గోడ దాటని గొంతు

జైలు నుంచి ఇంటికి ఒక్క ఫోన్ కాల్ వెనక ఎన్నో దరఖాస్తులు, ధ్రువీకరణలు, క్యూలు, కలవని నంబర్లు. దొంగచాటు సెల్‌ఫోన్లను ఆపలేకపోతున్న వ్యవస్థ పేద ఖైదీకి దక్కే అయిదు నిమిషాల మీద మాత్రం గట్టి కాపలా కాస్తోంది.

2020 జులై 11, శనివారం. నవీ ముంబయిలోని తలోజా జైలు నుంచి హైదరాబాద్‌లోని ఒక ఇంటికి ఫోన్ వచ్చింది. మాట్లాడుతున్నది విప్లవ కవి వరవరరావు. అప్పటికి ఆయన వయసు 79. భీమా కోరేగావ్ కేసులో విచారణ ఖైదీ. ఒంట్లో ఎలా ఉందని ఇంట్లోవాళ్లు అడిగితే ఆయన దశాబ్దాల కిందట జరిగిన తల్లిదండ్రుల అంత్యక్రియల గురించి చెప్పసాగారు. మాటకు మాటకు పొంతన లేదు. అంతలో తోటి ఖైదీ ఫోన్ అందుకుని అసలు సంగతి చెప్పాడు. ఆయన నడవలేకపోతున్నారు, పళ్లు కూడా తనంతట తాను తోముకోలేకపోతున్నారు, విడుదల చేస్తున్నారనీ మీరంతా జైలు గేటు దగ్గర నిలబడి ఉన్నారనీ భ్రమపడుతున్నారు అని.

మర్నాడే కుటుంబ సభ్యులు విలేఖరుల ముందుకొచ్చారు. 13వ తేదీన ఆయన్ని ముంబయిలోని జేజే ఆస్పత్రికి తరలించారు. 16న కోవిడ్ సోకినట్లు తేలింది. తర్వాత 2021 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు ఆరోగ్య కారణాల మీద తాత్కాలిక బెయిలు ఇచ్చింది. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని శాశ్వతం చేసింది.

ఆ కేసు మీద, ఆయన రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వారిది. ఇక్కడ గమనించాల్సింది ఫోన్ పాత్ర. కోవిడ్ కారణంగా అప్పటికి జైళ్లలో ములాఖత్‌లు బంద్. ఉత్తరాలు ఎప్పుడు చేరతాయో తెలియదు. లోపలి మనిషి ఏ స్థితిలో ఉన్నాడో బయటికి తెలిసింది కేవలం ఆ కాల్ వల్లే. అయితే ఆయన పేరున్న మనిషి, ఆ కుటుంబానికి పత్రికలు తెలుసు, కోర్టులు తెలుసు. జేబుదొంగతనం కేసులోనో, కల్లు దుకాణం దగ్గర కొట్లాట కేసులోనో లోపలికెళ్లిన కూలీ గొంతు తడబడితే కనిపెట్టేదెవరు? అసలు ఆ గొంతు ఇంటిదాకా చేరుతోందా?

లెక్కలు చూస్తే ప్రశ్న బరువు తెలుస్తుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో గణాంకాల ప్రకారం 2022 చివరి నాటికి దేశంలోని 1,330 జైళ్లలో 5,73,220 మంది ఖైదీలున్నారు. ఉండాల్సింది 4,36,266 మంది. అంటే వంద మందికి కట్టిన చోట 131 మంది. వీళ్లలో 4,34,302 మంది, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు, నేరం ఇంకా రుజువు కాని విచారణ ఖైదీలే. వకీలును పెట్టుకోవాలన్నా, జామీనుదారులను వెతుక్కోవాలన్నా, ఇంట్లో పసిబిడ్డకు పాలు ఎవరు పోస్తున్నారో తెలుసుకోవాలన్నా వీళ్లకు కావాల్సింది బయటి ప్రపంచంతో ఒక తీగ. ఆ తీగే అన్నిటికంటే సన్నగా ఉంది.

దయా, హక్కా?

జైళ్లను నడిపే మూల చట్టం వయసు 130 ఏళ్ల పైమాటే. 1894 నాటి కారాగారాల చట్టం వచ్చేనాటికి టెలిఫోన్ కలకత్తా, బొంబాయి, మద్రాసు లాంటి పట్టణాల్లో కొద్దిమంది ఇళ్లలో ఉన్న వింత వస్తువు. అందుకే చట్టంలో ములాఖత్‌ల ప్రస్తావన ఉంది కానీ ఫోన్ ఊసు లేదు. పైగా రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం జైళ్లు రాష్ట్రాల జాబితాలోని అంశం. కాబట్టి ఎన్ని రాష్ట్రాలో అన్ని మాన్యువళ్లు. వారానికి ఎన్ని కాల్స్, ఒక్కో కాల్ ఎన్ని నిమిషాలు, ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు అనేవి రాష్ట్రం మారితే మారిపోతాయి. ఒక్కోసారి సూపరింటెండెంట్ మారినా మారిపోతాయి.

కేంద్ర హోంశాఖ 2016లో రూపొందించిన నమూనా జైలు మాన్యువల్ ఫోన్‌కు చోటిచ్చింది. కుటుంబంతో, న్యాయవాదితో మాట్లాడేందుకు ఖైదీ సొంత ఖర్చుతో ఫోన్ వాడుకోవచ్చని చెప్పింది. అయితే సౌకర్యం ఉన్న చోటే, అదీ అధికారి అనుమతిస్తేనే. నమూనా మాన్యువల్‌ను అమలు చేయాలా వద్దా అన్నది మళ్లీ రాష్ట్రాల ఇష్టం. ఫలితంగా ఫోన్ కాల్ హక్కుగా కాక సత్ప్రవర్తనకు బహుమానంగా, తప్పు చేస్తే కోత పెట్టే సౌకర్యంగా మిగిలిపోయింది.

నిజానికి న్యాయస్థానాలు ఈ విషయంలో ఎన్నో ఏళ్ల కిందటే స్పష్టత ఇచ్చాయి. విశాఖపట్నం సెంట్రల్ జైల్లోని నక్సలైట్ ఖైదీలు వేసిన డి.భువన్ మోహన్ పట్నాయక్ కేసులో 1974లో తీర్పు ఇస్తూ, శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవని సుప్రీంకోర్టు ప్రకటించింది. 1981లో వచ్చిన ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ తీర్పు మరో అడుగు ముందుకేసింది. కోఫెపోసా కింద తిహార్‌లో నిర్బంధంలో ఉన్న ఆ బ్రిటిష్ మహిళను అయిదేళ్ల కూతురుతో నెలకు ఒక్కసారే కలవనిచ్చేవారు. అది చెల్లదనీ, కుటుంబాన్నీ స్నేహితులనూ కలుసుకోవడం 21వ అధికరణం హామీ ఇచ్చే జీవించే హక్కులో భాగమేననీ జస్టిస్ పి.ఎన్.భగవతి నేతృత్వంలోని ధర్మాసనం తేల్చింది.

కలుసుకోవడం హక్కయితే, కలుసుకోలేని దూరంలో ఉన్నవారికి ఫోన్ ఎందుకు హక్కు కాదు? 1,382 జైళ్లలో అమానవీయ పరిస్థితుల కేసులో 2017 సెప్టెంబర్ 15న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు దాదాపు ఈ ప్రశ్నే లేవనెత్తింది. ములాఖత్‌ల సంఖ్యనూ సమయాన్నీ పెంచే విషయం చూడాలనీ, ఖైదీ తన కుటుంబంతోనే కాక వకీలుతో కూడా ఫోన్, వీడియో కాన్ఫరెన్స్‌ల ద్వారా మాట్లాడే వీలు పరిశీలించాలనీ సూచించింది. ఆ తర్వాత కోర్టు నియమించిన జస్టిస్ అమితవ రాయ్ కమిటీ ఇంకాస్త సూటిగా చెప్పింది. కొత్తగా జైలుకొచ్చిన ప్రతి ఖైదీకీ మొదటి వారం రోజులపాటు రోజుకో కాల్ ఉచితంగా ఇవ్వాలన్నది దాని సిఫార్సు. మనిషి బాగా కుంగిపోయేది, అఘాయిత్యానికి పాల్పడే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ తొలి రోజుల్లోనే.

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు కూడా ఇదే చెబుతున్నాయి. ఉత్తరాలు, ములాఖత్‌లతోపాటు ఫోన్, డిజిటల్ మార్గాల ద్వారా ఖైదీలు ఆప్తులతో మాట్లాడే వీలుండాలని 58వ నియమం అంటోంది.

కలిసేదాకా నమ్మకం లేదు

కాగితం మీద సౌకర్యం ఉన్న చోట కూడా కాల్ కలవడం అంత తేలిక కాదు. ముందుగా ఖైదీ తాను మాట్లాడదలచిన నంబర్లు రాసివ్వాలి. ఆ నంబరు ఎవరిది, వారు ఖైదీకి ఏమవుతారు అన్నది తేల్చుకునేందుకు గుర్తింపు కార్డు, సిమ్ ఎవరి పేరున ఉందో చూపే ఆధారం అడుగుతారు. పేదల ఇళ్లలో సిమ్ ఎవరి పేరున ఉందన్నది పెద్ద చిక్కుముడి. భార్య వాడే సిమ్ అన్న పేరున ఉంటుంది. తల్లి చేతిలోని ఫోన్ పక్కింటివాళ్లు కొనిచ్చింది. కాగితాలు తేవాల్సిన మనిషికి కబురు చేయాలంటే ఫోన్ కావాలి, ఫోన్ కావాలంటే ఆ కాగితాలు కావాలి.

ఆ గండం గట్టెక్కితే తర్వాత డబ్బు. కాల్ ఖర్చు సాధారణంగా జైల్లో ఖైదీ పేరున ఉండే సొంత నగదు ఖాతాలోంచి పోతుంది. శిక్ష పడిన ఖైదీ పనిచేస్తే కాస్తో కూస్తో కూలి జమవుతుంది. విచారణ ఖైదీకి సాధారణంగా ఆ పని కూడా ఉండదు. ఇంటినుంచి ఎవరో వచ్చి కడితేనే ఖాతాలో డబ్బు. నిమిషానికి రూపాయో రెండు రూపాయలో బయటివారికి లెక్కలోకి రాని మొత్తమే. చేతిలో పైసా లేకుండా రిమాండ్‌కు వచ్చినవాడికి మాత్రం అది దాటలేని గోడ.

ఆ తర్వాత సమయం. జైలు పొద్దుతో నడుస్తుంది. సాయంత్రం చీకటి పడకముందే లెక్కపెట్టి బ్యారక్‌లకు తాళం వేస్తారు. కాబట్టి ఫోన్ వేళలు పగటిపూటే. సరిగ్గా అదే సమయంలో ఇంట్లోవాళ్లు పొలంలోనో, ఇటుక బట్టీ దగ్గరో, ఎవరింట్లోనో పనిలో ఉంటారు. ఇంటికంతటికీ ఉన్న ఒక్క ఫోన్ పనికెళ్లిన కొడుకు జేబులో ఉంటుంది. తెలియని నంబరు కదా అని ఎత్తరు. ఎత్తకపోతే తిరిగి చేయడానికి వీల్లేదు, ఎందుకంటే జైలు ఫోన్‌కు బయటినుంచి కాల్స్ రావు. క్యూలో వెనక మరో పాతికమంది ఉంటారు. మళ్లీ వంతు వచ్చేదాకా ఆగాల్సిందే.

రీచార్జ్ మరో మెలిక. ఒకప్పుడు బ్యాలెన్స్ లేకపోయినా ఫోన్‌కు కాల్స్ వచ్చేవి. 2018 చివర్లో పెద్ద టెలికాం కంపెనీలు కనీస రీచార్జ్ పద్ధతి తెచ్చాక, గడువు ముగిస్తే కొద్ది రోజులకే ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతోంది. సంపాదించే మనిషి జైల్లో ఉన్న ఇంట్లో మొదట ఆగేది ఇలాంటి ఖర్చులే. నంబరు మారితే ఇంకా కష్టం. రిజిస్టర్‌లో ఉన్న పాత నంబరు పనిచేయదు, కొత్త నంబరు లోపలికి చేరదు. జైలు లెక్కల్లో ఆ ఖైదీకి ఫోన్ సౌకర్యం ఉన్నట్టే. వాస్తవంలో అతనికి దక్కేది ‘మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు’ అన్న రికార్డింగే.

మహిళా ఖైదీల పరిస్థితి మరీ ఇబ్బందికరం. 2022లో దేశం మొత్తం మీద 23,772 మంది మహిళలు జైళ్లలో ఉంటే, వారికోసం ప్రత్యేకంగా ఉన్న జైళ్లు 34 మాత్రమే. చాలామంది సాధారణ జైళ్లలోని చిన్న ఆవరణల్లోనో, ఊరికి దూరంగా ఉన్న మహిళా కారాగారాల్లోనో ఉంటారు. మగవాడు జైలుకెళితే భార్యో తల్లో బస్సెక్కి ములాఖత్‌కు వస్తుంది. ఆడది జైలుకెళితే వచ్చేవారు అరుదు. బిడ్డ గొంతు వినాలంటే ఫోనే దిక్కు.

భాష తెలియని చోట

పొరుగు రాష్ట్రం జైల్లో పడితే ఈ కష్టాలన్నీ రెట్టింపవుతాయి. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరుకుతూ పట్టుబడిన తమిళ కూలీలే ఇందుకు ఉదాహరణ. తిరువణ్ణామలై జిల్లా జవ్వాదు కొండల వంటి మారుమూల ప్రాంతాల నుంచి కూలికి వచ్చినవారిని పెద్ద సంఖ్యలో అరెస్టు చేసి ఆంధ్రప్రదేశ్ జైళ్లకు పంపారు. 2013 డిసెంబర్‌లో ఇద్దరు అటవీ అధికారుల హత్య కేసులో వందలాది మంది ఏళ్ల తరబడి లోపలే ఉన్నారు. 2016లో తిరుపతి కోర్టు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. తెలుగు రాని మనిషికి తెలుగు జైల్లో ఫోన్ దరఖాస్తు నింపడం దగ్గర నుంచే సమస్య మొదలవుతుంది. ఆధారాలు పట్టుకుని కొండల్లోంచి రాజమండ్రి దాకా రావాలంటే ఇంటివాళ్లకు నాలుగు రోజుల కూలి పోతుంది.

ఖైదీల సంభాషణను సిబ్బంది వినడం, అవసరమైతే మధ్యలో ఆపేయడం జైళ్లలో మామూలే. వినేవారికి అర్థం కాని భాషలో మాట్లాడితే అనుమానం సహజంగానే పెరుగుతుంది. మాతృభాష ఒక్కటే వచ్చిన తల్లితో కొడుకు ఏ భాషలో మాట్లాడాలి? మహారాష్ట్ర జైల్లోని తెలుగువాడికీ, ఆంధ్ర జైల్లోని తమిళుడికీ, తమిళనాడు జైల్లోని బిహారీకీ ఇదే ప్రశ్న.

సరిహద్దు దాటితే సమస్య మరో రూపం తీసుకుంటుంది. రాజీవ్ గాంధీ హత్య కేసులో శిక్ష అనుభవించిన నళిని, మురుగన్ దంపతులు 2022 నవంబర్‌లో విడుదలయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 2020లో మురుగన్ తండ్రి శ్రీలంకలో మరణించాడు. అక్కడున్న తల్లితో, లండన్‌లోని సోదరితో వీడియో కాల్‌లో మాట్లాడనివ్వాలంటూ నళిని తల్లి మద్రాసు హైకోర్టుకెక్కాల్సి వచ్చింది. దేశంలోని బంధువులకైతే సరే, విదేశాలకు కుదరదన్నది ప్రభుత్వాల వాదన.

కొందరికి తలుపు పూర్తిగా మూతే

చాలా రాష్ట్రాల్లో కొన్ని కేసుల నిందితులకు ఫోన్ సౌకర్యమే లేదు. ఢిల్లీ జైలు నిబంధనలు-2018లోని 631వ నిబంధన దీనికి నమూనా. దేశానికి వ్యతిరేకంగా నేరాలు, ఉగ్రవాదం, మోకా, జాతీయ భద్రతా చట్టం, పలు దోపిడీలు, డబ్బు కోసం కిడ్నాప్ వంటి కేసుల్లో ఉన్నవారికి ప్రజా భద్రత దృష్ట్యా ఫోన్ ఇవ్వకూడదని అది చెబుతోంది. ఒక్కొక్కరి విషయం విడిగా పరిశీలించి, పై అధికారి ముందస్తు ఆమోదంతో సూపరింటెండెంట్ మినహాయింపు ఇవ్వొచ్చు. ఈ నిబంధన మీద, దీనికింద వచ్చిన సర్క్యులర్ల మీద ఢిల్లీ హైకోర్టులో సవాళ్లు నడిచాయి.

ఇక్కడ చిక్కు ఏమిటంటే నిబంధన చూసేది మనిషిని కాదు, ఎఫ్ఐఆర్‌లోని సెక్షన్‌ను. ఆ సెక్షన్ పెట్టేది పోలీసులు. ఆరోపణ నిలుస్తుందా లేదా అన్నది తేలడానికి ఏళ్లు పట్టొచ్చు. అందాకా ఆ ఖైదీ ఫోన్ చేసి బెదిరించాడా, దుర్వినియోగం చేశాడా అన్న ప్రశ్న లేకుండానే గొంతు మూతపడుతుంది.

2019 ఆగస్టులో కాశ్మీర్ విషయంలో ఈ తలుపు రెండు వైపులా మూతపడింది. 370వ అధికరణం కింద ఉన్న ప్రత్యేక హోదా రద్దు సమయంలో పబ్లిక్ సేఫ్టీ చట్టం కింద అదుపులోకి తీసుకున్న అనేకమందిని ఆగ్రా, వారణాసి, బరేలీ వంటి ఉత్తరప్రదేశ్ జైళ్లకు తరలించారు. అదే సమయంలో లోయలో ఫోన్లన్నీ మూగబోయాయి. పోస్ట్‌పెయిడ్ మొబైళ్లు మళ్లీ మోగింది అక్టోబర్ 14న. ప్రీపెయిడ్ సేవలు 2020 జనవరి దాకా ఆగాయి. ఆగ్రా జైల్లో ఫోన్ ఉన్నా శ్రీనగర్‌లో ఎత్తడానికి ఫోన్ లేదు. మనవాడు ఏ జైల్లో ఉన్నాడో వెతుక్కుంటూ కుటుంబాలు వందల కిలోమీటర్లు ప్రయాణించాయి.

అధికారుల భయం అబద్ధం కాదు

జైలు అధికారుల వాదననూ తోసిపుచ్చలేం. జైల్లోంచి సాక్షులను బెదిరించిన, వ్యాపారులను పిండిన ఉదంతాలు కోకొల్లలు. ఢిల్లీ రోహిణి జైల్లో ఉన్న సుకేశ్ చంద్రశేఖర్ ప్రభుత్వ పెద్దల పేరుతో ఫోన్లు చేసి దాదాపు 200 కోట్ల రూపాయలు గుంజాడన్నది 2021లో పోలీసులు పెట్టిన కేసు. 2023 మార్చిలో గ్యాంగ్‌స్టర్ లారెన్స్ బిష్ణోయ్ కస్టడీలో ఉండగా ఇచ్చిన ఇంటర్వ్యూలు టీవీలో ప్రసారమయ్యాయి. వాటిలో ఒకటి పంజాబ్‌లోని ఖరడ్‌లో పోలీసుల అధీనంలోనే రికార్డయిందని హైకోర్టు వేసిన ప్రత్యేక దర్యాప్తు బృందం తేల్చింది. 2024 ఆగస్టులో బెంగళూరు పరప్పన అగ్రహార జైలు నుంచి కన్నడ నటుడు దర్శన్ వీడియో కాల్ దృశ్యాలు బయటికొచ్చి సిబ్బంది సస్పెండయ్యారు. 2022 జనవరిలోనైతే తిహార్ ఖైదీ ఒకడు తనిఖీకి భయపడి ఏకంగా సెల్‌ఫోన్‌నే మింగేశాడు. వైద్యులు ఎండోస్కోపీ చేసి బయటికి తీశారు.

అయితే ఈ ఉదంతాలన్నిటిలో ఒక పోలిక ఉంది. ఇవేవీ నంబరు ముందే రాసిచ్చి, సిబ్బంది వింటుండగా, జైలు బూత్‌లోంచి చేసిన కాల్స్ కావు. అన్నీ దొంగదారిన వచ్చిన ఫోన్లు, లేదా ఎవరో చూసీ చూడనట్లు వదిలేసిన ఫోన్లు. డబ్బూ పలుకుబడీ ఉన్నవారికి ఆ దారి ఎలాగూ ఉంది. అధికారిక ఫోన్ మీద కోత పెడితే నష్టపోయేది ఆ దారి లేనివారే. అంతేకాదు, సక్రమ మార్గం ఎంత ఇరుకైతే దొంగఫోన్ ధర అంత పెరుగుతుంది. ఒక్క నిమిషం ఇంటితో మాట్లాడేందుకు బ్యారక్‌లోని దాదాకు లొంగాల్సిన పరిస్థితి వస్తుంది.

చట్టం పరంగా శిక్షలు పెంచే ప్రయత్నాలు జరిగాయి. 1894 చట్టంలోని 42వ సెక్షన్ కింద నిషిద్ధ వస్తువులు లోపలికి చేరవేస్తే గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు, జరిమానా అయితే 200 రూపాయలు. 2023లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా జైళ్ల చట్టం జైల్లో సెల్‌ఫోన్ వాడకానికి మూడేళ్ల దాకా శిక్ష ప్రతిపాదించింది. తిహార్‌లో పాత జామర్లు కొత్త తరం సిగ్నళ్లను ఆపలేకపోవడంతో ‘హార్మోనియస్ కాల్ బ్లాకింగ్’ టవర్లు పెట్టారు. జామర్లతో మరో తంటా. అవి గోడ దగ్గర ఆగవు. పరప్పన అగ్రహార చుట్టుపక్కల కాలనీలవాళ్లు తమ ఫోన్లు పనిచేయడం లేదని ఫిర్యాదు చేశారు. జైల్లోని నేరస్థుడిని ఆపబోతే గోడ పక్క గృహస్థుకు సిగ్నల్ పోయింది.

కోవిడ్ నేర్పిన పాఠం

ఎక్కువ మందికి ఫోన్ ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు 2020లోనే దొరికింది. మార్చిలో ములాఖత్‌లు ఆగిపోగానే రాష్ట్రాలు తప్పనిసరై ఫోన్ కాల్స్ పెంచాయి, వీడియో కాల్స్ మొదలుపెట్టాయి. జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన ఈ-ములాఖత్ పద్ధతి చాలా జైళ్లకు చేరింది. అన్నేళ్లుగా భద్రతా కారణాల వల్ల అసాధ్యమన్నది కొద్ది వారాల్లో సాధ్యమైంది.

పరిస్థితి చక్కబడి ములాఖత్‌లు మళ్లీ మొదలయ్యాక కొన్ని చోట్ల ఆ వెసులుబాటును వెనక్కి తీసుకున్నారు. మనిషే వచ్చి కలవొచ్చు కదా, ఇక ఫోనెందుకన్నది తర్కం. తలోజా ఖైదీలు ఈ విషయం మీద బొంబాయి హైకోర్టు దాకా వెళ్లారు. జైలు పక్క వీధిలో ఉండేవారికి ఆ తర్కం సరిపోతుంది. శ్రీకాకుళం నుంచి ముంబయికి, జవ్వాదు కొండల నుంచి రాజమండ్రికి రావాల్సినవారికి ఎలా సరిపోతుంది? ఈ-ములాఖత్‌కూ దాని పరిమితులు దానికున్నాయి. ముందుగా ఇంటర్నెట్‌లో నమోదు చేసుకోవాలి, స్మార్ట్‌ఫోన్ ఉండాలి, చెప్పిన సమయానికి డేటా ఉండాలి. బటన్ ఫోన్ ఉన్న ముసలితల్లికి మామూలు కాలే నయం.

దేశం దాటితే ఆ మామూలు కాల్ కూడా కరవే. 2018 చివర్లో గుజరాత్ తీరంలో చేపల వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు 20 మంది 2020 జనవరి 6న వాఘా దాటేదాకా ఏడాదికి పైగా కరాచీ జైల్లో గడిపారు. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 2025 జనవరి 1 నాటి జాబితాల ప్రకారం పాకిస్తాన్ చెరలో 217 మంది, భారత్ చెరలో 81 మంది మత్స్యకారులున్నారు. అరెస్టయిన మూడు నెలల్లోగా దౌత్యాధికారులను కలవనివ్వాలని ఒప్పందంలో ఉంది కానీ, తీరంలోని ఇంటికి కావాల్సింది జాబితాలో పేరు కాదు, గొంతు. మొత్తంగా విదేశీ జైళ్లలో 10,152 మంది భారతీయులున్నారని 2025లో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అత్యధికులు సౌదీ, ఎమిరేట్స్ వంటి గల్ఫ్ దేశాల్లోనే. గల్ఫ్ మీద ఆధారపడ్డ జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లో రోజూ మోగే ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోతే మొదట వచ్చే అనుమానం అదే.

ఒక కాల్ విలువ

ఇదంతా జాలి వ్యవహారంగా చూస్తే పొరపాటు. జైళ్లు కిక్కిరిసిపోవడానికీ ఫోన్ కలవకపోవడానికీ నేరుగా సంబంధముంది. బెయిలు మంజూరైనా జామీను పెట్టలేక వేలమంది లోపలే ఉండిపోతున్న సంగతి సుప్రీంకోర్టు దృష్టికొచ్చింది. 2023 జనవరి 31న కోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు ఉత్తర్వు ప్రతిని అదే రోజో మర్నాడో ఈ-మెయిల్‌లో జైలుకు పంపి ఖైదీకి అందించాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి. స్థానిక జామీను కావాలన్న షరతు వల్ల విడుదల ఆలస్యమవుతుంటే కోర్టులు అలాంటి షరతు పెట్టకపోవచ్చు. మంచి ఆదేశాలే. అయితే బెయిలు కాగితం మెయిల్‌లో నిమిషంలో వస్తోంది కానీ, జామీనుకు మనిషిని వెతకమని ఇంటికి చెప్పే కాల్ మాత్రం వచ్చే వారం వంతుకోసం ఎదురుచూస్తోంది.

శిక్ష పూర్తయ్యాక ఏమవుతుందన్నదీ ముఖ్యమే. బ్రిటన్‌లో 2017లో లార్డ్ ఫార్మర్ ఇచ్చిన నివేదిక అక్కడి న్యాయశాఖ పరిశోధనను ఉటంకించింది. కుటుంబ సభ్యులు వచ్చి కలుస్తున్న ఖైదీలు మళ్లీ నేరం చేసే అవకాశం 39 శాతం తక్కువని అందులో తేలింది. తర్వాతి ఏళ్లలో అక్కడ ఎన్నో జైళ్లలో గదుల్లోనే ఫోన్లు పెట్టారు, ముందుగా ఆమోదించిన నంబర్లకే కలిసేలా. అమెరికాలో సమస్య మరో రకం. అక్కడ ఫోన్ ఉంది కానీ ప్రైవేటు కంపెనీల ధర మండిపోయేది. మనవడితో మాట్లాడే ఖర్చు భరించలేక మార్తా రైట్ అనే అంధురాలైన వృద్ధురాలు 2000లో మొదలుపెట్టిన పోరాటం ఆమె మరణం తర్వాత, 2023 జనవరిలో ఆమె పేరు మీదే చట్టంగా మారింది. కనెక్టికట్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు కాల్స్ పూర్తిగా ఉచితం చేశాయి.

మన దగ్గర చేయాల్సిన పనులకు పెద్ద ఖర్చేమీ కాదు. రాయ్ కమిటీ చెప్పిన మొదటి వారం ఉచిత కాల్స్ అమలు చేయొచ్చు. నంబర్ల ధ్రువీకరణకు గడువు పెట్టి, ఆ బాధ్యతను ఖైదీ కుటుంబం మీద కాక జైలు మీద ఉంచొచ్చు. కలవని కాల్‌ను వంతు కింద లెక్కకట్టకుండా మరో వేళకు మార్చొచ్చు. కూలి జనం ఇల్లు చేరే సాయంత్రానికి కొన్ని కాల్స్ కేటాయించొచ్చు. భయం ఉన్న కేసుల్లో కాల్‌ను రికార్డు చేయొచ్చు, దుర్వినియోగం చేసినవారికి ఆపేయొచ్చు. ఆపడానికి కారణం ఖైదీ చేసిన పని కావాలి తప్ప అతని మీద ఉన్న సెక్షన్ కాకూడదు. అన్నిటికీ మించి, వారానికి ఎన్ని కాల్స్ ఇచ్చామన్నది కాదు, ఎన్ని కలిశాయన్నది జైళ్లు లెక్క రాయాలి.

గోడలు కట్టింది మనిషి పారిపోకుండా. వాటి మీదుగా మాట కూడా వెళ్లకూడదని ఏ న్యాయమూర్తీ శిక్షలో రాయలేదు.